బోటు ట్యాంకులో డీజిల్ మట్టం, ఇంజన్ తాగే డీజిల్ కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం, పాకల లాంటి ఊళ్లలో ఇసుక మీదికి లాగే ఫైబర్ బోట్లకూ, జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు నీళ్లలోనే కట్టేసే మరబోట్లకూ ఉపయోగపడేలా ఈ సమాధానాలు రాశాం. ఫైబర్ బోటులో సాధారణంగా 10 హార్స్‌పవర్ లోపు ఒంటి సిలిండర్ ఇంజన్ ఉంటుంది. మరబోటులో 100 హార్స్‌పవర్, ఆ పైన ఆరు సిలిండర్ల ఇంజన్. రెండింటికీ కొలిచే సూత్రం ఒకటే అయినా పనిముట్లు వేరు. మీటరు కొనే ముందు మీ ట్యాంకు సంగతి మీకు పూర్తిగా తెలియాలన్నది మా గట్టి అభిప్రాయం. అందుకే ట్యాంకుతోనే మొదలుపెడుతున్నాం.

ట్యాంకులో ఎంత డీజిల్ ఉందో తెలుసుకోవడానికి అన్నిటికన్నా నమ్మకమైనది ఏది?

గుర్తులు పెట్టిన డిప్ కర్ర. దానికి బ్యాటరీ అక్కర్లేదు, వైరు తుప్పు పట్టదు, ఉప్పుగాలికి చెడిపోదు. ఎలక్ట్రిక్ గేజి పెట్టుకున్నా సరే, వారానికి ఒకసారి కర్రతో సరిచూసుకోవాలి. గేజి, కర్ర వేర్వేరు మాట చెబితే కర్రనే నమ్మండి.

చిన్న ఫైబర్ బోటులో ట్యాంకు బదులు క్యానే వాడుతుంటే ఇంకా తేలిక. చేపలు తూచే కాటా మీద క్యానును తూచేయండి. డీజిల్ లీటరు సుమారు 0.83 కిలోలు, అంటే ఒక కిలో 1.2 లీటర్లు. ఖాళీ క్యాను బరువు ఒకసారి తూచి, చెరిగిపోని పెయింటుతో క్యాను మీదే రాసిపెట్టండి. వేటకు వెళ్లేముందు 30.4 కిలోలు, వచ్చాక 17.9 కిలోలు ఉందనుకోండి. తేడా 12.5 కిలోలు, అంటే 15 లీటర్లు. బోటు ఒరిగి ఉన్నా, ఎండకు డీజిల్ వ్యాకోచించినా తూకానికి తేడా రాదు. ఇంత చవకగా ఇంత కచ్చితంగా కొలిచే మార్గం ఇంకొకటి లేదు.

డిప్ కర్ర మీద గుర్తులు ఎలా పెట్టాలి?

ముందు కొలిచే క్యానును సరిచేసుకోవాలి. క్యాను మీద 20 లీటర్లు, 35 లీటర్లు అని అచ్చు వేసి ఉన్నా, మూతి దాకా నింపితే అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి ఖాళీ క్యానును కాటా మీద పెట్టి, సరిగ్గా 20 కిలోల మంచినీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. అదే 20 లీటర్ల గీత. మన ఎండలకు నీటి సాంద్రత కాస్త తగ్గుతుంది గానీ తేడా 20 లీటర్లకు 100 గ్రాముల లోపే, పట్టించుకోనక్కర్లేదు. తర్వాత క్యానును బోర్లించి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ఒక్క గుక్కెడు నీళ్లు మిగిలినా అవి ట్యాంకు అడుక్కే చేరతాయి.

ఇక ట్యాంకు. పూర్తిగా ఖాళీ చేసి అడుగు మడ్డి తీసేయండి. బోటు రేవులో తేలుతూ ఉండాలి. ఐసు, వలలు, మనుషులు మామూలుగా ఎక్కడ ఉంటారో అక్కడే బరువు ఉండాలి. ఖాళీ బోటులో పెట్టిన గుర్తులు నిండు బోటులో తప్పుతాయి. గీత దాకా నింపిన క్యాను ఒక్కొక్కటే ట్యాంకులో పోసి, నురుగు అణగడానికి ఐదు నిమిషాలు ఆగి, కర్ర దించి తడి అంచు దగ్గర గుర్తు పెట్టండి. ట్యాంకు నిండేదాకా ప్రతి 20 లీటర్లకూ ఇదే పని. మొదటి 20 లీటర్లను మాత్రం ఐదేసి లీటర్లుగా పోయడం మంచిది, ఎందుకంటే అవసరం ముంచుకొచ్చినప్పుడు చూసేది ఆ అడుగు భాగాన్నే.

కర్రకు సరుగుడు, వెదురు వద్దు. చెక్క డీజిల్‌ను పీల్చుకుని తడిని పైకి లాగుతుంది, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అల్యూమినియం పట్టీ గానీ ఇత్తడి కడ్డీ గానీ తీసుకుని, గుర్తులను ఆకురాయితో గంటు పెట్టండి. పెయింటు గీతలు డీజిల్‌కు నిలవవు. మెరిసే అల్యూమినియం మీద డీజిల్ తడి కనబడదు. దించే ముందు పట్టీ మీద సుద్దముక్క రుద్దితే, తడిసినంత మేరా సుద్ద నల్లబడి అంచు స్పష్టంగా తెలుస్తుంది.

కర్ర దించే రంధ్రం ట్యాంకు మధ్యలో ఉండాలి. ఎప్పుడూ అదే రంధ్రం, నిటారుగానే దించాలి. రంధ్రానికి సరిగ్గా కింద, ట్యాంకు అడుగున 3 మిల్లీమీటర్ల మందం రేకు ముక్క ఒకటి వెల్డింగ్ చేయించండి. అది లేకపోతే రోజూ కర్ర తగిలే చోట అడుగు రేకు పల్చబడి, కొన్నేళ్లకు అక్కడే చిల్లు పడుతుంది.

పొడవు, వెడల్పు, ఎత్తు తెలిస్తే లెక్క కట్టుకోవచ్చు కదా, ఇంత శ్రమ ఎందుకు?

పెట్టెలా చతురస్రంగా ఉన్న ట్యాంకయితే కట్టుకోవచ్చు. సెంటీమీటర్లలో పొడవును వెడల్పుతో హెచ్చించి 1000తో భాగిస్తే సెంటీమీటరు ఎత్తుకు ఎన్ని లీటర్లో వస్తుంది. 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు ట్యాంకుకు అది 7.2 లీటర్లు. నిలబెట్టిన 200 లీటర్ల డ్రమ్ముకు సెంటీమీటరుకు రెండున్నర లీటర్లు. కాకపోతే ట్యాంకు లోపల అలల తాకిడికి అడ్డుగా పెట్టిన పలకలు, పైపులు కొంత చోటు తింటాయి.

అసలు చిక్కు పడుకోబెట్టిన డ్రమ్ములతో, బోటు అడుగు ఆకారానికి కోసి చేసిన ట్యాంకులతో వస్తుంది. పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకులో సగం ఎత్తుకు సగం డీజిల్ ఉంటుంది, అక్కడివరకు బాగానే ఉంది. పావు ఎత్తుకు మాత్రం పావు వంతు ఉండదు, 19.6 శాతమే ఉంటుంది. పదో వంతు ఎత్తు దగ్గర మిగిలేది 5.2 శాతం. 200 లీటర్ల డ్రమ్ములో పదో వంతు అంటే 20 లీటర్లు ఉందనుకుంటారు, ఉండేది పది. అడుగు కోసుగా ఉన్న ట్యాంకులో ఇంకా ఘోరం. పూర్తి త్రికోణమయితే సగం ఎత్తుకు ఉండేది నాలుగో వంతే. ముల్లు సగం దాకా నింపాదిగా దిగి, ఆ తర్వాత గబగబా పడిపోతోందని చాలామంది గేజిని తిడతారు. అది గేజి తప్పు కాదు, ట్యాంకు ఆకారం అలాంటిది. అందుకే పోసి గుర్తు పెట్టుకోవడమే మేలు.

బోటు ఒరిగి ఉంటే కొలత ఎంత తప్పుతుంది?

అనుకున్నదానికన్నా ఎక్కువే. పైన చెప్పిన 120 సెం.మీ. ట్యాంకు పొడవు దిశలో రెండు డిగ్రీలు వంగితే ఒక కొసకూ ఇంకో కొసకూ మట్టంలో 4.2 సెం.మీ. తేడా వస్తుంది. కర్రను కొస దగ్గర దించితే తప్పు 2.1 సెం.మీ., అంటే 15 లీటర్లు. మధ్యలో దించితే దాదాపు సున్నా. ఇసుక మీదికి లాగిన బోటు ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి అక్కడ తీసిన కొలతను నీళ్లలో తీసినదానితో పోల్చకూడదు. రెండూ ఒకే స్థితిలో తీయాలి.

సముద్రం మీద ఊగుతున్నప్పుడు చూడాల్సి వస్తే ఇంజన్ తగ్గించి, వరసగా ఐదు సార్లు కర్ర దించి, మరీ ఎక్కువ, మరీ తక్కువ వచ్చిన రెండూ వదిలేసి మిగతా మూడింటి సగటు తీసుకోండి.

ట్యాంకు పక్కన బిగించే పారదర్శక గొట్టం మంచిదేనా?

చూడటానికి సులువే గానీ సరిగ్గా బిగించకపోతే ప్రమాదం. కూరగాయల తోటలకు వాడే మామూలు ప్లాస్టిక్ గొట్టం డీజిల్‌కు గట్టిపడి, పసుపెక్కి, కొన్ని నెలల్లో బిగింపు దగ్గర పగులుతుంది. అప్పుడు ట్యాంకులో ఉన్నదంతా ఇంజన్ గదిలోకి కారుతుంది. అగ్గి అంటుకుంటే ముందు కరిగేదీ ఆ గొట్టమే. పెట్టాలనుకుంటే డీజిల్‌కు పనికొచ్చే గొట్టం, కింద దానంతట అదే మూసుకునే స్ప్రింగు వాల్వు ఉండాలి. నొక్కినంతసేపే డీజిల్ గొట్టంలోకి రావాలి. గొట్టం పై కొస ట్యాంకు పైభాగానికి కలపాలి. పై కొస మూసేస్తే లోపల గాలి ఇరుక్కుని మట్టం తక్కువగా కనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ గేజి ఎప్పుడూ నిండుగా చూపిస్తోంది, లేదా ఎప్పుడూ ఖాళీ అంటోంది. ఎందుకు?

ట్యాంకులో తేలే బుడ్డ పైకీ కిందికీ కదిలినప్పుడు దానికి అనుబంధంగా ఉన్న సెండరు విద్యుత్ నిరోధం మారుతుంది. గేజి చూసేది ఆ నిరోధాన్నే. బజార్లో దొరికే సెండర్లు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి ఖాళీకి 10 ఓమ్‌లు, నిండుకు 180 ఓమ్‌లు చూపేది. రెండోది ఖాళీకి 240 ఓమ్‌లు, నిండుకు 33 ఓమ్‌లు చూపేది. గేజి ఒక జాతిది, సెండరు ఇంకో జాతిది అయితే ముల్లు తలకిందులుగా నడుస్తుంది. డీజిల్ తగ్గేకొద్దీ గేజి పెరుగుతోందంటే కారణం ఇదే.

10–180 జాతిలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. వైరు తెగితే నిరోధం అనంతం అవుతుంది, గేజి నిండుగా చూపిస్తుంది. ఉప్పుగాలికి ముందు తెగేది ఆ వైరు కొసే. ఖాళీ ట్యాంకు మీద నిండు గేజి చూసుకుంటూ నడిసముద్రంలోకి వెళ్లే పరిస్థితి వస్తుంది. 240–33 జాతిలో వైరు తెగితే ఖాళీ చూపిస్తుంది కాబట్టి కనీసం అనుమానం వస్తుంది. కొత్తగా కొనేవాళ్లు ఈ రెండో జాతి తీసుకోవాలని మా సలహా.

పరీక్ష ఇలా చేయండి. సెండరు మీది వైరు ఊడదీసి, గేజి ఆన్ చేసి, ఆ వైరు కొసను ఇంజన్ బాడీకి తాకించండి. 240–33 గేజి అయితే ముల్లు నిండుకు, 10–180 అయితే ఖాళీకి వెళ్లాలి. వెళ్లిందంటే గేజి, వైరు బాగున్నట్టు, లోపం సెండరులో ఉంది. అప్పుడు మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి సెండరు బోల్టుకూ దాని బాడీకీ మధ్య చూడండి. బుడ్డను చేత్తో లేపుతూ దించుతూ ఉంటే అంకె ఎక్కడా తెగకుండా మారాలి.

ఫైబర్ ట్యాంకు, ప్లాస్టిక్ ట్యాంకు వాడేవాళ్లు ఒక విషయం మర్చిపోతుంటారు. ఆ ట్యాంకుల గుండా కరెంటు పోదు. సెండరు బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు విడిగా ఒక వైరు లాగాలి. అది లేక గేజి పనిచేయకపోతే సెండరు పాడయిందని పారేస్తారు.

చేయి ఊగే రకం సెండరు కన్నా, నిలువు గొట్టంలో బుడ్డ జారే రకం సముద్రానికి నయం. అలలకు తక్కువ ఊగుతుంది, చేయి వంగిపోవడం ఉండదు. లోపలి స్విచ్‌లు ఒకటీ రెండు సెంటీమీటర్ల ఎడంలో ఉంటాయి కాబట్టి ముల్లు మెట్లుమెట్లుగా దిగుతుంది, అది లోపం కాదు.

అడుగున ఒత్తిడి చూసి మట్టం చెప్పే సెన్సర్లు, ధ్వని తరంగాల సెన్సర్లు పనిచేస్తాయా?

ఒత్తిడి రకం బాగా పనిచేస్తుంది. మీటరు లోతు డీజిల్ అడుగున సుమారు 8.1 కిలోపాస్కల్ ఒత్తిడి ఉంటుంది. మన ట్యాంకులు అర మీటరు, ముప్పావు మీటరు లోతువే కాబట్టి ఆ చిన్న పరిధికి చేసిన సెన్సరే కొనాలి. పెద్ద పరిధిది కొంటే అంకె కదలదు. ట్యాంకు గాలిగొట్టం మూసుకుపోతే లోపల వెలితి ఏర్పడి ఇది తప్పు చెబుతుంది. ధ్వని తరంగాల రకం నురుగు మీదా, అలల మీదా తడబడుతుంది. వేటబోట్లకు మేం సిఫారసు చేయం.

పైపులో పారే డీజిల్‌ను కొలిచే ఫ్లో మీటరు ఒకటి పెడితే గంటకు ఎంత తాగుతోందో తెలిసిపోదా?

పెట్రోల్ ఇంజన్‌కు తెలుస్తుంది, డీజిల్‌కు తెలియదు. డీజిల్ ఇంజన్ తనకు కావలసిన దానికన్నా ఎక్కువ లాక్కుని, వాడుకోగా మిగిలింది రిటర్న్ లైను ద్వారా వెనక్కి పంపిస్తుంది. వెళ్లే లైనులో ఒక మీటరు, తిరిగొచ్చే లైనులో ఒకటి పెట్టి తేడా చూడాలి. తప్పులు దూరేది ఈ తీసివేతలోనే.

గంటకు 60 లీటర్లు వెళ్లి 50 లీటర్లు తిరిగొచ్చే ఇంజన్‌ను తీసుకోండి. అసలు ఖర్చు 10 లీటర్లు. ఒక్కో మీటరుకు ఒక శాతం తప్పు ఉందంటే మంచి మీటర్లే. అయినా మొదటిదానిలో 0.6, రెండోదానిలో 0.5, ఎదురెదురుగా కలిస్తే 1.1 లీటర్ల తేడా. పది లీటర్లలో అది 11 శాతం. దీనికి వేడి తోడవుతుంది. ట్యాంకు నుంచి 30 డిగ్రీల దగ్గర వెళ్లిన డీజిల్ ఇంజన్ చుట్టి 60 డిగ్రీలతో వస్తే రెండున్నర శాతం ఉబ్బుతుంది. తిరిగొచ్చిన 50 లీటర్లు 51.25గా కనబడతాయి, ఖర్చు 10 బదులు 8.75 అని చూపిస్తుంది. రిటర్న్ లైనులో గాలి బుడగలుంటే వాటినీ డీజిల్‌గానే లెక్కపెడుతుంది. అందుకని ఉష్ణోగ్రతను సర్దుబాటు చేసుకునే జంట మీటర్లే కొనాలి. లేదంటే కొనకపోవడమే మంచిది.

కొన్ని ఇంజన్లలో రిటర్న్ చాలా తక్కువ, నాజిళ్ల దగ్గర కారే చుక్కలు మాత్రమే. అలాంటి చోట ఈ తప్పు పెద్దది కాదు. మీ ఇంజన్ రిటర్న్ పైపును ఒక సీసాలోకి తిప్పి ఐదు నిమిషాలు చూస్తే అది ఏ రకమో తెలిసిపోతుంది.

మరబోటుకు మేం చెప్పే పద్ధతి వేరు. పెద్ద ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య 20 లీటర్లకు తగ్గకుండా చిన్న రేకు ట్యాంకు పెట్టి, ఇంజన్‌కు వెళ్లేదీ తిరిగొచ్చేదీ రెండూ ఆ చిన్న ట్యాంకుకే కలపండి. పెద్ద ట్యాంకు నుంచి చిన్నదానికి, మట్టం తగ్గగానే తెరుచుకునే బుడ్డ వాల్వు ద్వారా డీజిల్ దిగుతుంది. ఆ దారిలో ఒక్క మీటరు చాలు. ఇంజన్ ఎంత కాల్చిందో అంతే కొత్తగా దిగుతుంది కాబట్టి తీసివేత ఉండదు. చిన్న ట్యాంకుకు గాలిగొట్టం తప్పనిసరి. దాన్ని ఇంజన్ వేడి తగలని చోట పెట్టాలి, చేయి ఆనించలేనంత వేడెక్కితే ఇంకా పెద్దది కావాలన్నమాట.

మీటరు ఏ రకమైనా దానికి ముందు ఫిల్టరు, పక్కన బైపాస్ వాల్వు (డీజిల్‌ను మీటరు గుండా కాకుండా పక్కదారిలో పంపేది) ఉండి తీరాలి. లోపలి పళ్లచక్రాల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంటే మీటరుతో పాటు డీజిలూ ఆగిపోతుంది. బైపాస్ తిప్పితే ఒడ్డుకు చేరొచ్చు.

మీటరు లేకుండా గంట ఖర్చు చూసే పద్ధతి ఉందా?

ఉంది, చిన్న ఇంజన్లకు మీటరు కన్నా ఇదే కచ్చితం. ఒక లీటరు ప్లాస్టిక్ కొలజాడీ, మూడు దారుల వాల్వు ఒకటి, రెండు మీటర్ల డీజిల్ పైపు కావాలి. గాజు జాడీ వద్దు. జాడీని ట్యాంకు ఎత్తులోనే కట్టి, వాల్వుతో ఇంజన్‌ను ట్యాంకు మీద గానీ జాడీ మీద గానీ నడిపేలా కలపండి. రిటర్న్ పైపు కూడా జాడీలోకే రావాలి. దాన్ని ట్యాంకులోకే వదిలేస్తే లెక్కంతా తప్పు.

ఇంజన్‌ను పావుగంట నడిపి వేడెక్కనివ్వండి. వేట వేగానికి తెచ్చి వాల్వును జాడీకి తిప్పండి. మట్టం 800 గీత దాటగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి, 300 గీత దగ్గర ఆపండి. మిల్లీలీటర్లను 3.6తో హెచ్చించి సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు వస్తాయి. 500 మి.లీ.కి 820 సెకన్లు పడితే గంటకు 2.2 లీటర్లు. ఆఖరి 100 మి.లీ. దాకా పోనివ్వకండి, గాలి లాగితే మళ్లీ గాలి తీసేదాకా ఇంజన్ స్టార్ట్ కాదు.

బోటును కట్టేసి చేస్తే ఈ అంకెకు విలువ లేదు. ఫ్యాను (నీళ్లలో తిరిగి బోటును నడిపే రెక్కలు) మీద బరువు వేరుగా పడుతుంది. నెమ్మదిగా ఉన్న రోజున సముద్రం మీదే చేయాలి, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చేసి సగటు తీయాలి. అప్పుడే నీటి వాలు ప్రభావం పోతుంది.

మా ఇంజన్ గంటకు ఎంత తాగాలి?

ఆరోగ్యంగా ఉన్న చిన్న డీజిల్ ఇంజన్ ఒక హార్స్‌పవర్‌ను గంట సేపు ఇవ్వడానికి సుమారు 0.22 లీటర్లు కాలుస్తుంది. 10 హార్స్‌పవర్ పూర్తి బరువు (లోడు) మీద గంటకు 2.2 లీటర్లు. 100 హార్స్‌పవర్ ఇంజన్ 70 శాతం బరువు మీద వల లాగుతుంటే 15 లీటర్ల చుట్టుపక్కల. మీ లెక్క దీనికి 20 శాతం పైన ఉంటే ఏదో తేడా ఉంది.

వేగం విషయం ఇంకా ముఖ్యం. ఫ్యానుకు కావలసిన శక్తి ఆర్‌పీఎమ్‌కు (నిమిషానికి తిరిగే చుట్లకు) ఘనంలో పెరుగుతుంది. ఆర్‌పీఎమ్‌ను 90 శాతానికి తగ్గిస్తే శక్తి 73 శాతానికి, 80కి తగ్గిస్తే 51కి పడుతుంది. వేగం అయిదో వంతు తగ్గి గంట ఖర్చు సగానికి దిగుతుంది. దూరం లెక్కన చూసినా కిలోమీటరుకు మూడో వంతు మిగులుతుంది. ఇది వల లేకుండా పోయే, వచ్చే ప్రయాణానికే వర్తిస్తుంది. వేలానికి ముందు చేరాలన్న తొందరలో చివరి గంట హ్యాండిల్ పూర్తిగా తిప్పేవాళ్లు, ఆ తొందర ఖరీదు ఎంతో ఒకసారి జాడీ పెట్టి చూసుకోవాలి.

ఉన్నట్టుండి ఖర్చు పెరిగింది. ఎక్కడ వెతకాలి?

ముందు పొగ చూడండి. నల్ల పొగ వస్తుంటే గాలి చాలట్లేదు లేదా బరువు ఎక్కువయింది: ఎయిర్ క్లీనరు, ఆ తర్వాత నాజిల్. చల్లగా ఉన్న ఇంజన్ నుంచి తెల్ల పొగ రావడం మామూలే, వేడెక్కాక కూడా ఆగకపోతే నాజిల్ గానీ కంప్రెషన్ గానీ చూడాలి. పొగ బాగుండి ఖర్చు పెరిగితే ఇంజన్ వదిలేసి నీళ్లలో చూడండి. బోటు అడుగున పట్టిన నాచు, గుల్ల, ఫ్యాను రెక్క అంచు వంపు, ఇరుసుకు చుట్టుకున్న వల దారం. నీళ్లలోనే ఉండే మరబోట్లకు గుల్ల త్వరగా పడుతుంది. రోజూ ఒడ్డెక్కే ఫైబర్ బోట్లకు ఫ్యాను ఇసుకకు అరగడం ఎక్కువ.

ఇవేవీ కాకపోతే కారిపోతోందేమో చూడండి. రాత్రి ఇంజన్ ఆపాక కర్ర గుర్తు, తెల్లారి కర్ర గుర్తు ఒకటే ఉండాలి.

ట్యాంకు అడుగున నీళ్లున్నాయని ఎలా తెలుస్తుంది?

నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు ఒకటి దొరుకుతుంది. కర్ర అడుగు 10 సెం.మీ. మేర పల్చగా రాసి, ట్యాంకు అడుక్కి ఆనించి అర నిమిషం ఉంచి తీయండి. రంగు మారిన ఎత్తే నీటి ఎత్తు. మన 120 సెం.మీ. ట్యాంకులో ఒక సెంటీమీటరు నీళ్లంటే 7.2 లీటర్లు, అవి మీ డీజిల్ లెక్కలోంచి తీసేయాలి. ఇంజన్‌కు వెళ్లే పైపు ట్యాంకు అడుగు నుంచి 3 నుంచి 5 సెం.మీ. పైన మొదలవుతుంది కాబట్టి దానికింద ఉన్న డీజిల్ కూడా మీది కాదు. కర్ర మీద ఆ ఎత్తు దగ్గర లోతైన గంటు పెట్టి, అదే సున్నా అనుకోండి.

బంకులో పోసేది సరిగ్గా ఉందో లేదో చూడొచ్చా?

చూడొచ్చు, అది మీ హక్కు. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగితే పోసి చూపించాలి. 5 లీటర్లకు 25 మి.లీ. వరకు తేడాను ఒప్పుకుంటారు. సాంద్రత కొలిచే హైడ్రోమీటరు కూడా ఉంటుంది.

అయితే ఇంటికొచ్చాక కొంచెం తేడా కనిపిస్తే వెంటనే మోసం అనుకోకండి. డీజిల్ ఒక్క డిగ్రీకి 0.083 శాతం మారుతుంది. భూమిలోపల ట్యాంకులో 30 డిగ్రీలున్నది ఎండలో 45కు చేరితే 200 లీటర్ల డ్రమ్ములో రెండున్నర లీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది, రాత్రికి చల్లారితే తగ్గుతుంది. డ్రమ్మును మూతి దాకా నింపకూడదనేది కూడా అందుకే.

డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు కదా, కర్ర దించేటప్పుడు బీడీ ఉంటే ఏమవుతుంది?

అంటుకుంటుంది. బంకులో అమ్మే డీజిల్ ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత ప్రమాణం 35 డిగ్రీలే. ఓడల కోసం ప్రత్యేకంగా ఇచ్చేదానికి అది 66. మే నెలలో ఒంగోలు, నెల్లూరు ఎండకు రేకు ట్యాంకు 35 డిగ్రీలు సులువుగా దాటుతుంది. మూత తీసినప్పుడు నిప్పు, వెల్డింగ్, సెల్‌ఫోన్ టార్చి, వెలుతురు కోసం వేలాడదీసిన వైరు బల్బు, ఏవీ దగ్గర ఉండకూడదు.

ట్యాంకు దేనితో చేయించాలి?

నల్ల ఇనుప రేకు, సముద్రానికి పనికొచ్చే అల్యూమినియం, ఫైబర్. జింకు పూత రేకు వద్దు, డీజిల్ ఆ జింకును కరిగించుకుని జిగురులా మారి నాజిళ్లు పట్టేస్తుంది. రాగి పైపు డీజిల్‌ను తొందరగా పాడుచేస్తుంది.

పుస్తకంలో ఏమేం రాయాలి? సబ్సిడీకి పనికొస్తుందా?

తేదీ, వెళ్లేముందు కర్ర గుర్తు, పోసిన లీటర్లు, ఇంజన్ నడిచిన గంటలు, వచ్చాక కర్ర గుర్తు. అయిదే అంకెలు. గంటల మీటరు లేకపోతే స్టార్ట్ చేసిన, ఆపిన సమయం రాయండి. నాలుగు వారాలయ్యేసరికి మీ బోటు గంటకు ఎంత తాగుతుందో ఏ కంపెనీ కాగితం కన్నా బాగా తెలుస్తుంది.

సబ్సిడీ డీజిల్‌కు నెలవారీ పరిమితి ఉంటుంది. 2019లో రాష్ట్రం లీటరుకు 9 రూపాయలకు పెంచినప్పుడు మోటారు బోటుకు 300 లీటర్లు, మరబోటుకు 3000 లీటర్లు హద్దు. గంటకు 2 లీటర్లు తాగే ఫైబర్ బోటుకు 300 లీటర్లంటే 150 గంటలు, రోజుకు ఆరు గంటల చొప్పున 25 రోజులు. రెండున్నర తాగితే 20 రోజులకే అయిపోతుంది. మిగతా రోజులు పూర్తి ధరకు కొనాలి.

సముద్రం మీదికి ఎంత తీసుకెళ్లాలన్నదానికి మూడో వంతు లెక్క పాటించండి: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఎదురుగాలికి, వలకు ఒక వంతు. వంతులు కర్ర మీది సున్నా గంటు పైనుంచే లెక్కపెట్టాలి.

రొయ్యల చెరువు జనరేటరుకు ఇవన్నీ వర్తిస్తాయా?

కర్ర, జాడీ, పుస్తకం అలాగే వర్తిస్తాయి. గంటకు లీటర్ల బదులు లీటరుకు ఎన్ని యూనిట్ల కరెంటు అని చూడండి. బాగున్న జనరేటరు మంచి లోడు మీద లీటరుకు మూడున్నర యూనిట్ల దరిదాపుల్లో ఇస్తుంది. పెద్ద జనరేటరు మీద రెండు ఏరేటర్లే తిప్పితే ఇది బాగా పడిపోతుంది.

వేట నిషేధం రెండు నెలలూ ట్యాంకును ఎలా వదిలేయాలి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు కదలదు. సగం ఖాళీ ట్యాంకులో పగటి వేడికి, రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ గోడల మీద నీరుగా పట్టి అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగట తయారవుతుంది. వేట మొదలైన వారంలోనే ఫిల్టర్లు మూసుకుపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. డబ్బు వీలైతే 95 శాతం దాకా నింపి వదిలేయండి. వీలుకాకపోతే పూర్తిగా దించేసి, లోపల తుడిచి, మూత బిగించి పెట్టండి. సగంలో మాత్రం వదలొద్దు. గాలిగొట్టం మూతికి సన్నటి ఇత్తడి జాలీ కట్టండి, గూడు పెట్టే కందిరీగలు దూరవు. గుర్తులు పెట్టే పనికి కూడా ఈ రెండు నెలలే అనువైనవి. జూన్ మొదటి వారంలో ఖాళీ ట్యాంకు మీద క్యాన్లు పోసి గంట్లు పెట్టుకోండి. నింపి ఉంచినవాళ్లు అడుగు డ్రెయిన్ బోల్టు వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా ఒక సీసాలోకి వదిలి, పేస్టుతో మరోసారి చూసి, ఆ తర్వాతే ఇంజన్ తిప్పండి.